ఆరో ప్రశ్నలో పెనం

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వేసవి సెలవుల హోంవర్కులో మొక్క నాటడం, పేపరు కత్తిరింపులు అంటించడం ఎటూ ఉంటాయి. ఈసారి స్కూలు వాళ్లు కొత్తగా ఇంకొకటి చేర్చారు: మ్యూజియం వెబ్‌సైటు చూసి, అందులో క్విజ్ పూర్తిచేసి, సర్టిఫికెట్ ప్రింటు తీసుకురావాలట. ఇవన్నీ పిల్లలకిచ్చిన పనులని వాళ్లు అనుకుంటారు. నిజానికి ఇంట్లో ఎవరికి ఓపికుంటే వాళ్లకిచ్చిన పనులు. మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి అవి నాకే వస్తాయి.

ఆ మ్యూజియం మా జంషెడ్‌పూర్‌లోనే ఉంది. మూతపడ్డ చిన్నచిన్న కర్మాగారాల సామాన్లు తెచ్చి అద్దాల పెట్టెల్లో పెట్టారు. మేముండే గోవింద్‌పూర్ నుంచి వెళ్లాలంటే రెండు ఆటోలు మారాలి, తీరా వెళ్తే భోజనాల వేళని తలుపు వేసి ఉంటుంది. అందుకని వెబ్‌సైటు పెట్టారని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషమే వేసింది. ఇంట్లో కూర్చుని, దగ్గరికి లాక్కుని, కావలసినంత పెద్దది చేసుకుని చూడొచ్చు. ఎవరూ వెనక నిలబడి "ముట్టుకోవద్దు" అనరు.

ఆ సంతోషం రెండు నిమిషాలు ఉంది. సైటు తెరవగానే హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ ఒకటి ఊగుతూ వచ్చి స్వాగతం చెప్పింది. దాన్ని మూసేస్తే కుకీలకి ఒప్పుకుంటారా అని అడిగింది. ఒప్పుకుంటే, మా విశేషాలు మీ మెయిలుకి పంపమంటారా అంది. వద్దంటే, పోనీ మా వెబ్‌సైటు ఎలా ఉందో అయిదు చుక్కల్లో చెప్పండి అంది. ఇంకా ఏం చూశానని చెప్పను?

మా అమ్మాయికి ఇవేవీ అడ్డం కావు. టకటకా అన్నీ మూసేసి క్విజ్‌లో కూర్చుంది. పది ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి ఒక ఫొటో, నాలుగు జవాబులు. సరైనది నొక్కితే బంగారు నక్షత్రం పడుతుంది, ఎవరో పదిమంది చప్పట్లు కొట్టినట్టు చప్పుడవుతుంది. నేను వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ ఆ చప్పట్లు లెక్కపెడుతున్నాను.

ఆరో ప్రశ్నలో గుండ్రటి నల్లటి ఇనప పలక ఉంది. దాంట్లో ఏడు గుంతలు. ఈ వస్తువును దేనికి వాడేవారు? తుపాకీ గుళ్లు పోయడానికి, కరిగిన ఇనుమును నమూనా తీసి పరీక్షించడానికి, రంగులు కలుపుకోవడానికి, యంత్రాలకు గ్రీజు పెట్టడానికి. పిల్ల రెండోది నొక్కింది. చప్పట్లు మోగాయి.

"అదేమిటే, అది పొంగడాల పెనం కదా!" అన్నాను.

"మమ్మీ, సహీ ఆన్సర్ హై. స్టార్ భీ మిల్ గయా," అంది నా వైపు తిరక్కుండానే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం దానికి పుట్టుకతో వచ్చిన హక్కు.

"నీ స్టారు సంగతి తర్వాత. ఒకసారి వెనక్కి వెళ్లు."

వెనక్కి వెళ్తే క్విజ్ మొదటికి వస్తుందని చెప్పింది. నేను వినలేదు. నిజంగానే మొదటికి వచ్చింది. ఆరు నక్షత్రాలూ పోయాయి. అది లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను ఒక్కదాన్నే కూర్చుని మళ్లీ ఒకటో ప్రశ్న నుంచి చప్పట్లు కొట్టించుకుంటూ ఆరో ప్రశ్న దాకా వచ్చాను.

పొంగడాల పెనాలు నేను చాలా చూశాను. మూడేళ్ల కిందట, మాతోనే ఉండే అమ్మకి సరదాగా ఉంటుందని ఒక నాన్‌స్టిక్‌ది కొన్నాను కూడా. అమ్మ దాన్ని అట్టపెట్టెలోంచి తియ్యకుండానే అటకెక్కించింది. అన్ని పెనాల్లోనూ గుంతలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ఈ ఫొటోలో చుట్టూ ఉన్న ఆరూ సమానంగా ఉన్నాయి, నడిమిది మాత్రం చిన్నది. కింద వివరణలో దాని గురించి ప్రత్యేకంగా రాశారు: "మధ్య గుంత పరిమాణం తక్కువ. లోహం చల్లబడే వేగాన్ని పోల్చి చూడడానికి కావచ్చు."

నడిమి గుంత చిన్నగా ఉన్న గుండ్రటి పలకని నేను నా జన్మలో ఒక్కచోటే చూశాను. మా ఇంట్లో. అయితే అది ఇనపది కాదు, చెక్కది.

పర్సుడీహ్‌లో మేము రెండు గదుల ఇంట్లో ఉన్నప్పటి నుంచీ ఆ చెక్క మాతో ఉంది. అమ్మ దాన్ని పిండి డబ్బాల వెనక పెట్టేది. నేను అడిగితే తీసిచ్చేది. వామనగుంటల పీటకి బదులు దాంట్లో చింతగింజలు పోసి ఆడుకునేదాన్ని. చుట్టూ ఉన్న గుంతల్లో గుప్పెడు గింజలు పట్టేవి. నడిమి దాంట్లో అయిదో ఆరో. అది నాకిష్టం. ఇదేమిటని ఎప్పుడడిగినా అమ్మది ఒకటే జవాబు, "మీ నాన్న సెక్కేరులే." ఎందుకు చెక్కారో చెప్పేది కాదు.

మా నాన్న గమ్హరియా వైపు ఉండే ఒక ఫౌండ్రీలో మోల్డర్. ఇనుము దేనికి పొయ్యాలో ఆ వస్తువుని ముందు చెక్కలో చేస్తారు. ఆ చెక్క చుట్టూ ఇసక బిగించి, చెక్కని తీసేస్తే, ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. ఇసక బిగించడం నాన్న పని. ఆయన షిఫ్టు నుంచి వచ్చి గుమ్మం ముందు నిలబడి జేబులు రెండూ బయటికి లాగి, తిరగేసి, దులిపి, అప్పుడు లోపలికి వచ్చేవారు. ఇసక ఇంట్లో పడకూడదని అలా చేస్తారనుకునేదాన్ని. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ ఫౌండ్రీ అంతకన్నా ముందే మూతపడింది, దాని స్టోరులో మిగిలిన సామానంతా మ్యూజియంకి వచ్చిందని వెబ్‌సైటులోనే రాశారు.

ఫొటో పెద్దది చేసి అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "అమ్మా, ఇది చూడు. నాన్న చెక్కిన దానిలాగే ఉంది."

అమ్మ ఫోను వైపు కూడా చూడలేదు. "ఒగ్గేయే. ఏటైతే మనకేటి," అని తోటకూర కాడలు తుంచుతూ కూర్చుంది.

నేను వదిలేసే మనిషిని కాదు. ఒక స్కూలు ఆఫీసులో పదిహేనేళ్లుగా ఫారాలు నింపుతున్నాను. తప్పుగా ఉన్న కాగితం కళ్ల ముందుంటే నాకు అన్నం సయించదు. ఊరి పిల్లలందరూ తప్పు జవాబుకి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. పొంగడాల పెనాన్ని పొంగడాల పెనం అనిపించకుండా ఊరుకోకూడదని పట్టుపట్టాను.

మొదట హెల్మెట్ బొమ్మనే అడిగాను. "మీ వివరణలో తప్పుంది" అని రాస్తే, "మంచి ప్రశ్న! మా పనివేళలు తెలుసుకోవాలనుకుంటున్నారా?" అంది. "పనివేళలు కాదు, తప్పు" అన్నాను. "సోమవారం సెలవు" అంది. ఫోను నంబరుకి చేస్తే ఒక గొంతు హిందీకి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకి రెండు నొక్కమంది. ఏది నొక్కినా చివరికి వెబ్‌సైటు చూడమంది. వెబ్‌సైటు అట్టడుగున, వెతికే వాళ్లకి కూడా కనపడని బూడిదరంగు అక్షరాల్లో "సవరణ సూచించండి" అని దొరికింది. అది నొక్కితే ముందు సభ్యత్వం తీసుకోమంది. ఓటీపీ వచ్చింది. నేను మనిషినేనని రుజువు చెయ్యడానికి ట్రాఫిక్ దీపాలున్న గడులు నొక్కమంది. స్తంభం కూడా దీపం కిందికే వస్తుందా రాదా అని ఆలోచించేసరికి ఓటీపీ గడువు అయిపోయింది.

ఫారంలో గడులు ఇలా ఉన్నాయి: మీ విద్యార్హత, మీరు పనిచేసే సంస్థ, ఈ వస్తువు మీద మీ పరిశోధనా పత్రాలు, ఆధారం పీడీఎఫ్‌లో, రెండు వందల కేబీ మించకూడదు. తిన్నాను, వండుతారు, నాకు తెలుసు అని రాసుకోవడానికి ఎక్కడా గడి లేదు. పరిశోధనా పత్రాల దగ్గర "లేవు" అని రాస్తే ఫారం ఎర్రబడి వెనక్కి వచ్చింది. "ఉన్నాయి" అని రాస్తే వెళ్లింది. వెంటనే మెయిలు వచ్చింది: "మాతో అనుసంధానమైనందుకు ధన్యవాదాలు." అనుసంధానమట! నేను నాలుగు రోజులుగా తలుపు బాదుతున్నాను, లోపలున్న వాళ్లకి అది అనుసంధానంలా వినిపించింది.

పిండి డబ్బాల వెనకనుంచి చెక్క తీసి, పక్కన స్కేలు పెట్టి, ఫొటో తీసి అదీ పంపాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఎందుకే నీకీ కర్మ? ఒగ్గేయమన్నానా?" అంది. అమ్మ గొంతులో ఉన్నది విసుగనుకున్నాను. నాకూ విసుగ్గానే ఉంది కాబట్టి పట్టించుకోలేదు.

మూడు వారాలకి మనిషి రాసినట్టున్న జవాబు వచ్చింది. సాయంత్రం అమ్మ బఠాణీలు ఒలుస్తుంటే దాన్ని తెలుగులోకి మార్చి పైకి చదివాను. మీరు పంపిన చెక్క వస్తువు వ్యాసం రెండు వందల రెండు మిల్లీమీటర్లు, మా వస్తువు వ్యాసం రెండు వందలు, కొలతలు సరిపోలేదు కనుక ఈ రెండింటికీ సంబంధం లేదని భావిస్తున్నాం.

అమ్మ చేతిలో బఠాణీకాయ ఆగిపోయింది. "ఎవుడే ఆ మాటన్నాది?"

"మ్యూజియం వాళ్లు."

"సెక్క పెద్దదుంటే అది తప్పా? సమానంగా ఉంటే తప్పు! ఇనుము ఆరితే దగ్గరికి లాక్కుంటాది. అందుకనే సెక్క ఓ పిసరు పెద్దది సెయ్యాల. ఎంత పెద్దదో మీ నాన్న సెయ్యి ఆనించి సెప్పీవోరు. ఆ ముక్క తెలీనోళ్లు మూజియమేటి పెట్టేరు? మీ నాన్న కొలత తప్పంటారేటి?"

అమ్మ జీవితంలో ఫౌండ్రీ గేటు దాటి లోపలికి వెళ్లలేదు. మూడు వారాలు నోరు విప్పని మనిషి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఇంత కోపం తెచ్చుకోవడం చూసి చదవడం ఆపేశాను. ఇంకా ఏం రాశారో చదవమంది. చదివాను. పైగా మా వద్ద ఆధారపత్రం ఉంది, జతపరిచాం.

జతపరిచింది ఒక పాత అట్టముక్క ఫొటో. స్టోరులో వస్తువుకి కట్టే చీటీ. దాని మీద ఇంగ్లీషులో చేత్తో రాసి ఉంది: సాంపిల్ మోల్డు, షిఫ్టు అయ్యాక గేటు దగ్గర మోల్డర్ వద్ద దొరికింది, పరీక్షకు తీసుకెళ్తున్నట్టు అతడు చెప్పాడు, స్టోరులో ఉంచాలి. కింద రెండు సంతకాలు. ఒకటి ఫోర్‌మన్‌ది, ఇంగ్లీషులో. రెండో దాని పక్కన మ్యూజియం వాళ్లు బాణం గుర్తు వేసి "గుర్తు తెలియని లిపి" అని రాశారు.

ఒళ్లు మండిపోయింది. ఈ ఊళ్లో రైల్వేలో, కర్మాగారాల్లో తెలుగువాళ్లు తాతల నాటి నుంచి ఉన్నారు. వీధికొకరు దొరుకుతారు. ఒక్కరిని పిలిచి అడగలేకపోయారా? గుర్తు తెలియని లిపా! ఆ కోపంలోనే ఫొటో పెద్దది చేశాను. చివరి అక్షరం తోకని కుడివైపుకి పొడుగ్గా లాగిన సంతకం. నా ప్రోగ్రెస్ కార్డుల మీద పదేళ్లపాటు చూసిన సంతకం.

"అమ్మా," అన్నాను, "ఇది నాన్న సంతకం. సాంపిల్ మోల్డని నాన్నే చెప్పారా?"

అమ్మ బఠాణీల పళ్లెం పక్కకి జరిపింది. "మరేటి సెప్తారే, ఉజ్జోగం పోతాదంటే?"

అప్పుడు చెప్పింది. పెళ్లయి శ్రీకాకుళం పక్క నుంచి ఈ ఊరు వచ్చిన రెండో ఏడు అమ్మ కడుపుతో ఉంది. అన్నం వాసన పడేది కాదు. పొంగడాలొక్కటే తినాలనిపించేది. ఇక్కడి బజారులో అట్లపెనం దొరికేది గానీ పొంగడాల పెనమంటే ఎవరికీ తెలియదు. "నాను సేత్తాను, ఉండు" అన్నారట నాన్న. పాత పెట్టె చెక్క ఒకటి తెచ్చి, వారంపాటు ఇంట్లో కూర్చుని చెక్కారు. ఫౌండ్రీలో అందరూ చేసేవారట అలాంటి సొంత పనులు. బండెడు ఇనుము పోశాక పోసే మూకుడు అడుగున మిగిలినదాంతో ఒకరు తలుపు గొళ్లెం, ఒకరు కుంపటి కాళ్లు. ఫోర్‌మన్ చూసీ చూడనట్టు ఉండేవాడు. పొయ్యడం కష్టం కాదు, గేటు దాటించడమే కష్టం.

"పెనాన్ని తువ్వాలు సుట్టి కడుపుకి కట్టుకున్నారు. పైన సొక్కా. గేటుకాడ జవాను ఊరికే కర్రతో పొట్ట మీద అలగ తట్టేడు. ఖంగుమన్నాది." అమ్మ నవ్వింది, ఆ వెంటనే నవ్వు ఆపేసింది. "సాంపిల్ మోల్డు, టెస్టింగుకి అట్టుకెళ్తన్నానన్నారు. లేబ్ గేటు బయటుండీది కదా. ఫోర్‌మన్ని పిలిసేరు. ఆయన సూసేడు, మీ నాన్న మొకం సూసేడు. అవును, సాంపిల్ మోల్డే, నానే పంపేనన్నాడు. సంతకం ఎట్టేడు. ఆయనకేటి అవసరమే? ఆయనుజ్జోగమూ పోవును. ఇంక అది మోల్డయిపోనాది. మోల్డుని ఇంటికెలగ తెత్తారు?"

"మళ్లీ ఇంకొకటి చెయ్యలేదా?"

"ఆ రోజు నుంచి ఆ గేటులోంచి ఓ మేకు తేనేదు. ఇసక రేణువు తేనేదు. జేబులు దులుపుకుని మరీ ఇంట్లోకొచ్చీవోరు."

ఇసక గురించి ఇన్నేళ్లు నేననుకున్నది వేరు.

"నడిమి గుంత ఎందుకు చిన్నది?" అని అడిగాను చివరికి.

"నువ్వు కడుపులో ఉన్నావు కదేటి. సిన్న నోటికి సిన్నదొకటుండాలన్నారు."

మ్యూజియం వాళ్లు నా గుంతలో లోహం చల్లబడే వేగాన్ని పోల్చి చూసుకుంటున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక లేచి వెళ్లి ఇనుము ఆరితే ఎందుకు కుచించుకుంటుందో ఆ జవాబు రాసిన మ్యూజియం అధికారికి ఘాటుగా ఒక మెయిలు రాశాను. అంతవరకే రాశాను. గేటు సంగతి రాయలేదు. అమ్మ రాయనివ్వలేదు.

"దొంగంటారే," అంది. "అబద్దాలాడేడంటారు. ఆయన పోయేక ఆ మాట నా సెవిన పడాలా?"

"అమ్మా, అందరూ చేసేవారని నువ్వే చెప్పావు కదా."

"అందరూ సేసేరు. దొరికింది మీ నాన్నొక్కరే."

అమ్మ మీద, ఫారం మీద, ఉన్నమాట నాకు చెప్పకుండా పోయిన నాన్న మీద కూడా కోపం వచ్చింది. నెలరోజులుగా నేను తప్పు తప్పు అని అరుస్తున్నది మా నాన్న చెప్పిన మాట. దాన్ని దిద్దితే ఆయన అబద్ధం చెప్పారని ఊరందరికీ చెప్పినట్టు. దిద్దకపోతే ఆ పెనం ఎప్పటికీ మోల్డుగానే ఉండిపోతుంది. అమ్మకోసం చేసిన ఒకే ఒక్క వస్తువు అది.

పదిరోజులకి అధికారి దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. పాత ఫౌండ్రీ పనివాళ్లని అడిగారట, చెక్క కొలత సరైనదేనని వాళ్లు చెప్పారట, క్షమించమన్నారు. కింద లింకు ఇచ్చారు. వస్తువు అసలు పేరు, చేసినవారి పేరు, ఫౌండ్రీ స్టోరుకి ఎలా చేరింది, ఉపయోగం, ఇవన్నీ నింపి ధ్రువీకరించమన్నారు. లింకు ఏడు రోజులు పనిచేస్తుందట. ఇన్నాళ్లు నేను బాదిన తలుపు తెరిచి, లోపలికి రమ్మంటే, అమ్మ నా చెయ్యి పట్టుకుని గుమ్మంలోనే ఆపింది. అయిదు రోజులు ఆ లింకు తెరవడం, మూసెయ్యడం.

ఆరో రోజు ఆదివారం. మా అమ్మాయి ఆ సైటులో కొత్తగా పెట్టిన బటన్ ఏదో చూసింది. నొక్కితే వస్తువు తెరమీద అన్ని వైపులకీ తిరుగుతుంది. అది ల్యాప్‌టాప్‌తో సహా వెళ్లి అమ్మ పక్కన మంచమ్మీద కూర్చుంది. "అమ్మమ్మా, దేఖో నా. ఘూమ్ రహా హై."

అమ్మ మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. పిల్ల చూపిస్తే చూడక తప్పలేదో, ఇంక చూడకుండా ఉండలేకపోయిందో నాకు తెలియదు. కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. ఆ చెక్కని అమ్మ నలభై ఎనిమిదేళ్లుగా దాచింది. దానితో పోసిన పెనాన్ని చూడడం అదే మొదటిసారని నాకు అప్పుడు తట్టింది. ఇనుము ఇంటికి రాలేదు కదా.

"అంచులు బాగా తీసేరు," అంది కాసేపటికి. తర్వాత, "అడుగు సూపించే," అంది.

పిల్ల వేలితో పెనాన్ని తిరగేసింది. అమ్మ తెరకి ఇంకా దగ్గరగా వంగింది. ఏం వెతుకుతోందో నాకు అర్థం కాలేదు.

"మసి నేదు," అంది అమ్మ. "పొయ్యెక్కనేదు."

కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. అది మళ్లీ పెట్టుకున్నాక నా వైపు చూసి అంది, "రాయి. అబద్దమాడేరని కూడా రాయి. ఎవులికోసం ఆడేరో అదీ రాయి. పేరొద్దు. ఆయనదొద్దు, ఆ ఫోర్‌మన్‌దొద్దు. ఆ మారాజుకి పిల్లలుంటారు."

వెంటనే కూర్చున్నాను. అమ్మ మనసు మారేలోపు, లింకు పోయేలోపు. చేసినవారి పేరు దగ్గర ఎర్ర నక్షత్రం ఉంది, ఖాళీగా వదిలితే కదలదు. "ఒక మోల్డర్" అని రాశాను. పూర్తి పేరు రాయండి అంది. "ఒక ఫౌండ్రీ మోల్డర్" అని రాశాను. అప్పుడు ఒప్పుకుంది. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ తెలియదు. స్టోరుకి ఎలా చేరిందో అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఉపయోగం అన్నచోట "పొంగడాలు వెయ్యడానికి" అని రాసి అమ్మకి వినిపించాను.

"ఎయ్యనేదు కదే," అంది అమ్మ. "ఉన్నమాట రాయి." అందుకని "ఒక్కసారి కూడా వాడలేదు" అని చేర్చాను.

వారం తిరిగేసరికి వివరణ మారింది. పొంగడాల పెనం అని హిందీలో, ఇంగ్లీషులో రాశారు. మా చెక్క ఫొటో పక్కన పెట్టారు. "గుర్తు తెలియని లిపి" అన్నమాట తీసేసి "తెలుగు" అని రాశారు. సంతకాలు రెండూ కనపడకుండా మసకేశారు, అది నేను అడిగి చేయించింది. నేనిప్పుడు రాస్తున్న దీంట్లో కూడా ఎవరి పేరూ లేకపోవడానికి అమ్మ పెట్టిన షరతే కారణం.

క్విజ్ మాత్రం మారలేదు. అది వేరే ఊళ్లో ఎవరో చేసిచ్చారట, వచ్చే ఏడాది గానీ ముట్టుకోవడం కుదరదట. వివరణ పేజీలో అది పెనం, క్విజ్ పేజీలో మోల్డు. నేను మళ్లీ మెయిలు రాయడానికి కూర్చుంటే అమ్మ ఆపింది. "ఉండనీయే. మీ నాన్న మాటకింకా సప్పట్లు కొడతన్నారు," అని పకపకా నవ్వింది.

ఆ మర్నాడు నేను ఆఫీసుకి తయారవుతుంటే అటక మీంచి అట్టపెట్టె దింపమంది అమ్మ. మూడేళ్ల నుంచి కట్టు విప్పని నాన్‌స్టిక్ పెనం. రాత్రే బియ్యం నానబోసి ఉంచిందని నాకు తెలియదు. బెల్లం కలిపిన పిండి గిన్నె పక్కన పెట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. చుట్టూ ఉన్న ఆరు గుంతల్లోనూ అంచుదాకా పోసింది. నడిమి దాంట్లో సగమే పోసి గరిటె గిన్నెలో పెట్టేసింది.

ఆ పెనంలో ఏడు గుంతలూ సమానమే.

సగం పోసింది కాబట్టి అదే ముందు కాలింది. అమ్మ దాన్ని పుల్లతో లేపి పళ్లెంలో వేసింది. మా అమ్మాయి చెయ్యి చాపింది.

"నీది కాదు," అంది అమ్మ, పళ్లెం నా వైపు జరుపుతూ. "మీ అమ్మది."

అడుగు కొంచెం మాడింది. అలాగే తిన్నాను.